కొక్కెం లేని కప్పు

చేపల తొట్టె నెత్తిన నల్ల ప్లాస్టిక్ మూత కనపడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా భోజనానికి పిలిచి హాల్లో కూర్చోబెట్టినప్పుడు ఆ మూత కంటపడిందంటే ఆ పూటకి నా నోరు ఊరుకోదు. శుభ్రమైన అద్దాలు, అడుగున మంచి ఇసక, నాలుగు పచ్చటి మొక్కలు, వాటి సందుల్లో తళతళలాడే ప్రాణాలు. ఇంత అందాన్ని కూర్చుకుని చివరికి దాన్ని పైనుంచి మూసిపారేస్తారు. దుకాణంలో తొట్టె అడిగితే మూత అంటగట్టకుండా ఇవ్వరు. మూత లోపల ఒక సన్నని లైటు, మేత వెయ్యడానికి అరచేయి పట్టని తలుపు. కొన్నాళ్ళకి ఆవిరి తగిలి తగిలి లైటు స్క్రూలు తుప్పు పడతాయి. మూత లోపలి పక్కంతా తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, బోరు నీళ్ళయితే మరీను. ఒక మొక్క పక్కకి వాలిందని సరిచెయ్యాలంటే మూతంతా ఎత్తి నేల మీద పెట్టాలి. మూతతో పాటు లైటూ పోతుంది కనక చీకట్లో చెయ్యి పెట్టి తడుముకోవాలి. లైటు నీటికి పైన ఉండాలి గాని తొట్టె మీద కూర్చోకూడదు. నా పేచీ అంతా అక్కడే.

చేప వైపు నుంచి ఒకసారి చూడండి. నీటిలోంచి పైకి చూసే కంటికి పైనున్న లోకమంతా ఒక గుండ్రటి కిటికీలో ఒదిగిపోతుంది. కాంతి గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది కదా, ఆ వంపు వల్ల ఈ అంచు నుంచి ఆ అంచు దాకా 180 డిగ్రీల పైలోకం చేపకి సుమారు 97 డిగ్రీల మేర కనపడుతుంది. దీన్నే స్నెల్ కిటికీ అంటారు. ఆ గుండ్రానికి బయట నీటి పైపొర తొట్టె అడుగునే తిరిగి చూపిస్తుంది. మేత వెయ్యబోయే చెయ్యి అంచు దాటకముందే చేపలు పైకి ఎగబడటం మీరూ చూసే ఉంటారు. వాటికి ఆ చెయ్యి కనపడుతోంది. చేతి వెనక మొహం, మొహం వెనక గది కప్పు కూడా కనపడుతున్నాయి. మూత పెట్టిన తొట్టెలో ఆ కిటికీ నిండా ఉండేది నల్ల ప్లాస్టిక్కే.

ఇంకో సంగతి ఉంది. చేప తన వీపుని ఎప్పుడూ వెలుగు వైపుకి తిప్పుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎరిక్ వాన్ హోల్‌స్ట్ 1935లో దీని మీద ప్రయోగాలు చేశాడు. వెలుగు పక్కనుంచి పడితే చేప ఒక పక్కకి ఒరుగుతుంది. చెవిలోని తూకం ఒకలా చెబుతుంది, కన్ను ఇంకోలా చెబుతుంది, రెండింటికీ మధ్యస్థంగా వాలి ఈదుతుంది. తొట్టెని కిటికీ పక్కన పెట్టి, లైటు ఖర్చు తప్పిందనుకునే వాళ్ళు సాయంత్రం పూట తమ చేపల్ని కాస్త నిదానంగా గమనించాలి. చేప ఒంటి రంగు కూడా పైవెలుగు కోసమే తయారైంది. వీపు ముదురు, పొట్ట లేత. పైనుంచి పడే వెలుగు వీపుని మెరిపిస్తే ముదురు రంగు దాన్ని మింగేస్తుంది, నీడ పడే పొట్ట తన తెలుపుతో ఆ నీడని చెరిపేస్తుంది. ఒళ్ళంతా ఒకే ఛాయగా నీటిలో కలిసిపోతుంది. ఈ మర్మాన్ని 1896లో వివరంగా రాసినవాడు ఆబట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు. చిత్రకారుడి కంటికే అది ముందుగా ఆనిందంటే నాకు చాలా సంతోషం.

ఇక మా బిలాస్‌పూర్ ఎండల సంగతి. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు మామూలు. గదిలో నీళ్ళు 32 దాటుతాయి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైగా ఇమిడేది, 32 దగ్గర 7 చిల్లరకి దిగిపోతుంది. అదే సమయంలో చేపకి ఆకలీ ఆయాసమూ పెరుగుతాయి. ఇలాంటి రోజుల్లో నీటి నెత్తిన మూతపెట్టి, ఆ మూతలో వేడెక్కే లైటు బిగించడం ఎంత అన్యాయమో చెప్పండి. మూత తీసేసి పైన ఫ్యాను తిప్పితే నీరు తనంత తానే చల్లబడుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. వంద లీటర్ల తొట్టెలో ఒక్క లీటరు ఆవిరి చాలు, మిగతా నీటిని ఐదారు డిగ్రీలు దించేంత వేడి బయటికి పోతుంది. గది వేడి మళ్ళీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి మనకి దక్కేది రెండు మూడు డిగ్రీలే. ఆ రెండు మూడు డిగ్రీల మీదే చేప వేసవి గట్టెక్కుతుంది. డానియో చేపలు గెంతుతాయి కదా అంటారు. గెంతుతాయి, నిజమే. నీటిమట్టం రెండు మూడు అంగుళాలు దించి, అంచు మీద సన్నని వల బిగించిన చట్రం ఒకటి పెడితే సరి. వలకి గాలీ వెలుగూ అడ్డు కావు.

మూత తీసేస్తే లైటు ఎక్కడ పెట్టాలి? తొట్టె అంచులకి కాళ్ళు తగిలించుకుని నిలబడే లైట్లు దొరుకుతాయి. అవి మూత కన్నా నయం. కానీ చెయ్యి పెట్టిన ప్రతిసారీ అడ్డమే, ఎత్తు మార్చుకునే వీలూ ఉండదు. సరైన చోటు ఒక్కటే, గది కప్పు. జపానులో తకాషి అమానో అనే ఆయన 1982లో ఒక కంపెనీ పెట్టి, నీటిలో అడవులూ గుట్టలూ పెంచే పద్ధతి ఒకటి ప్రపంచమంతటికీ నేర్పాడు. ఆయన తొట్టెలకి మూతలుండవు. దీపం పైనుంచి వేలాడుతుంది, నీరు గదిలోకి తెరుచుకుని ఉంటుంది. ఆయన 2015లో పోయాడు. అదే ఏడాది లిస్బన్‌లో 40 మీటర్ల పొడవున, 160,000 లీటర్ల నీటితో ఆయన చేతి మీదుగా తయారైన తొట్టె ఒకటి జనానికి తెరిచారు. నాది మూడడుగుల తొట్టె. మరుగుజ్జు క్రిప్టోకొరైన్, వాలిస్‌నేరియా మొక్కలు, ఒక డానియోల గుంపు. అంతే సరంజామా. అయినా వెలుగు విషయంలో పెద్దదానికీ చిన్నదానికీ ఒకటే న్యాయం.

కప్పుకి వేలాడదీద్దామని తల ఎత్తి చూస్తే కప్పుకి కొక్కెం లేదు. నా అసలు బాధ ఇప్పుడు మొదలవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

మన ఇళ్ళకి కప్పంటే ఎండా వానా ఆపే అడ్డు మాత్రమే కాదు, సగం సంసారం దానికే వేలాడేది. పెంకుటింట్లో దూలానికి కొక్కేలుండేవి. వంటింట్లో ఉట్టి దానికే. వసారాలో ఉయ్యాలబల్ల దానికే, ఇనప గొలుసులతో. చంటిపిల్లకి గుడ్డ ఊయల దానికే. దండెం, ఉల్లిపాయల గుత్తి, లాంతరు, విత్తనాలకని కట్టిన మొక్కజొన్న కంకులు, అన్నీ పైనే. నేల మీద చీమా ఎలకా తిరుగుతాయి, గోడకి చెద పడుతుంది, కప్పు ఒక్కటే శుభ్రమైన చోటు. ఆ తెలివి ఎవరు నేర్పారో గాని, ప్రతి ఇంట్లోనూ ఉండేది. దొరల బంగళాల్లో కూడా పంకా లాగడానికి కప్పుకి కొక్కేలే వేసుకున్నారు. గుడ్డ పంకాలు పోయి కరెంటు ఫ్యాన్లొచ్చినా కొక్కేలు అక్కరకొచ్చాయి.

మేము పుట్టి పెరిగిన రైల్వే క్వార్టరు కప్పు ఇంకా బాగుండేది. ఇనప గర్డర్లు వరసగా పరిచి, ప్రతి రెండింటి మధ్య ఇటికల్ని వంపుగా పేర్చి కట్టిన కప్పది. అలాంటి కప్పుల్లో కొన్నిచోట్ల గర్డరు బదులు అరిగిపోయిన పట్టాలే వాడేవారు. రైలు బరువు మోసి మోసి రిటైరైన పట్టా తర్వాత ఒక సంసారాన్ని మొయ్యడం నాకు చిన్నప్పుడే గర్వంగా ఉండేది. గర్డరు అంచుకి ఇనప బిగింపు ఒకటి తగిలించి నట్టు తిప్పితే చాలు, కావలసినచోట కొక్కెం తయారు. డ్రిల్లు అక్కర్లేదు, దుమ్ము లేదు. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టుకోవచ్చు. మా అమ్మ ఉట్టి, తమ్ముడి ఊయల, దసరాకి రంగు కాగితాల తోరణం, అన్నీ ఆ గర్డర్ల మీదే నడిచాయి.

ఆ క్వార్టర్లలోకి మనవాళ్ళు ఎలా వచ్చారో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో పుట్టింది. నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా అప్పటికే ఉన్న మీటర్ గేజి లైనుని బ్రాడ్ గేజి చేసి, బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పొడిగించి, 1891కల్లా బళ్ళు నడిపింది. తర్వాత వాల్తేరు వైపు లైను కూడా ఆ కంపెనీ కిందికే వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి గ్యాంగుల్లోకి, ఖలాసీ పనుల్లోకి మనవాళ్ళు పట్టా వెంట ఇక్కడి దాకా నడిచొచ్చారు. మా తాతా అలాగే వచ్చాడు, పలాస దగ్గరి ఊరు నుంచి. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా కొత్త జోను మొదలయ్యేనాటికి మా వీధుల్లో మూడో తరం తెలుగువాళ్ళు సగం హిందీ, సగం శ్రీకాకుళం కలిపి మాట్లాడేస్తున్నారు. ఇప్పటికీ బుధవారీ బజారులో కూరగాయల దగ్గర నిలబడితే వెనకనుంచి ఏదో ఒక గొంతు "ఏటి, వంకాయ అంత పిరమా?" అంటుంది.

ఆ తర్వాత అందరం సొంత ఇళ్ళు కట్టుకున్నాం. తోర్వాలో కొందరు, హేమూనగర్‌లో కొందరు. అందరివీ సిమెంటు స్లాబులే. గదికి నడిమధ్య ఫ్యాను పెట్టె ఒక్కటే పెడతారు, ఇంక కప్పంతా నున్నగా ఉంటుంది. దాని కింద జిప్సమ్ బోర్డుతో ఇంకో దొంగ కప్పు దించుతారు, దానికి గోరంత దీపం తగిలించినా పెళ్ళలు రాలతాయి. స్లాబు వేసే రోజున పది మిల్లీమీటర్ల ఇనప చువ్వ ముక్కని వంచి, లోపలి చువ్వలకి కట్టి, కాంక్రీటు పోసేస్తే ఒక్కో కొక్కేనికి ఎంతవుతుంది? తాపీ మేస్త్రీకి అది టీ తాగేలోపు పని. హాల్లో నాలుగు, వసారాలో రెండు, వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి. ఇల్లు కట్టుకుంటున్న ప్రతివాళ్ళకీ నేను చెబుతూనే ఉంటాను. టైల్సు రంగు గురించి నెల్లాళ్ళు కొట్టుకుంటారు గాని, కప్పు గురించి ఒక్క పూట ఆలోచించరు. రేపు ఇంట్లో పసిపిల్ల పుడితే ఊయల ఎక్కడ కడతారు? ఇనప స్టాండు కొంటారు, అది గదిలో సగం ఆక్రమిస్తుంది, రాత్రిళ్ళు దాని కాలికి మన కాలు తగులుతుంది. పెళ్ళికి తోరణం ఎక్కడ కడతారు? సెల్లో టేపుతో అంటిస్తారు, తాళి కట్టేలోపు ఊడిపడుతుంది. దేవుడి ముందు వేలాడే దీపం పెట్టుకుందామన్నా మన ఇంట్లో మనకి చోటు లేదు.

మొత్తానికి నా లైటు బాబాయ్ చేతుల మీదుగా పైకెక్కింది. బాబాయ్ అంటే చుట్టరికం కాదు, మా పాత క్వార్టరుకి పక్క క్వార్టరు. బ్రిడ్జి ఖలాసీగా చేరి, అక్కడే మేస్త్రీ అయి, రిటైరయ్యాడు. గర్డరు కింద జాకీ పెట్టి వెంట్రుకవాసి కూడా తేడా రాకుండా దించిన చేతులు ఆయనవి. మూడు కిలోల లైటని చెబితే నవ్వేస్తాడనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ వేసుకుని తొట్టె ముందు చాలాసేపు కూర్చున్నాడు.

"ఒరే అబ్బాయ్, బరువు సూసుకున్నావు, బాగుంది. ఊగుడు సూసుకున్నావా?"

"ఊగదు బాబాయ్, లైటే కదా."

"ఫేన్ ఏస్తావా లేదా? పక్కన గూడ్సు పోతాదా లేదా? ఒక తాడుకి కడితే గిర్రున తిరుగుతాది. రెండు సోట్ల పట్టాల. తాళ్ళు నిలువుగా దిగాల. పక్కలకి సాగదీసేవంటే నీ తాడే నీ కప్పుని లాగేస్తాది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రెండు తాళ్ళూ నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద సగం బరువే పడుతుంది. వాటి మధ్య కోణం 120 డిగ్రీలకి పెరిగితే ఒక్కో తాడూ మొత్తం బరువంత లాగుడు లాగుతుంది. ఒకే కొక్కెం నుంచి వెడల్పు లైటుకి రెండు చివరలా తాళ్ళు దింపేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఇంకా సాగదీస్తే లాగుడు ఇంకా పెరుగుతుంది.

చోటు గుర్తు పెట్టడానికి దారానికి నట్టు కట్టి, లైటు రెండు చివరల పైన అది నిలకడగా ఆగేదాకా కప్పు నుంచి దించి చూశాడు. ఫ్యాను పెట్టె నుంచి స్విచ్ బోర్డు వైపుకి కాండ్యూట్ పైపు ఎటు పోయి ఉంటుందో పెన్సిలుతో గీశాడు, ఆ గీతకి జానెడు దూరంలో ఎక్కడా డ్రిల్లు పెట్టనివ్వలేదు. ఆరు మిల్లీమీటర్ల బిట్టు, కింద కాగితం ప్లేటు గుచ్చి దుమ్ము పట్టుకునే ఏర్పాటు. రెండో చిల్లులో బిట్టు టక్కుమని ఆగి కిర్రుమంది. లోపల చువ్వ తగిలింది. అక్కడ బలవంతం చెయ్యకుండా రెండు వేళ్ళ వెడల్పు పక్కకి జరిగి కొత్త చిల్లు వేసి, పాతదాన్ని సిమెంటుతో పూడ్చాడు. చిల్లులో దుమ్ము మిగిలితే ఫాస్ట్‌నరు పట్టదని సైకిలు పంపుతో మూడుసార్లు ఊదాడు. కొక్కెం బిగించాక నాలుగు ఇటికలు సంచిలో కట్టి రాత్రంతా దానికి వేలాడదీశాడు. లైటు మూడు కిలోలు, ఇటికలు పది కిలోల పైమాటే. తెల్లారి వచ్చి, సంచి దించి, కొక్కెం మొదట్లో కంటితో, వేలితో, గోరుతో చూసుకుని అప్పుడు తలూపాడు.

తాడుకి సన్నని స్టీలు వైరు రోపు. దాని చివర మడిచి బిగించే క్లిప్పుల్లో నట్ల కింద స్ప్రింగు వాషర్లు వేశాడు. అదురుడున్నచోట వాషరు లేని నట్టు తనంతట తనే వదులవుతుందని రైలు పనివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవి కాక లైటు నడిమికి వదులుగా ఒక గొలుసు. రెండు తాళ్ళలో ఏది తెగినా లైటు నీటిలో పడకుండా పట్టుకోవడానికి. కరెంటు వైరుని మాత్రం నేరుగా ప్లగ్గులోకి పోనివ్వలేదు. సాకెట్టు కన్నా కిందికి ఒక వంపు దించి, తర్వాత పైకి తీసుకెళ్ళాడు. వైరు మీద పారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్టులోకి ఎక్కదు. ఆ సాకెట్టుకి ఎర్తింగు, 30 మిల్లీ యాంపియర్ల దగ్గర తెగిపోయే ఆర్‌సీసీబీ నేనే పెట్టించాను. నీటి మీద కరెంటు వేలాడదీసేవాళ్ళు ఈ రెండింటి దగ్గర పీనాసితనం చూపించకూడదు.

ఎత్తు విషయంలో బాబాయ్ నాకే వదిలేశాడు. నీటికి అడుగున్నర పైన మొదలుపెట్టి, మొక్కల్ని చూసుకుంటూ అడుగుకి దించాను. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుందన్న బడి లెక్క ఒక్క బిందువు నుంచి వచ్చే వెలుగుకి వర్తిస్తుంది. మూడడుగుల ఎల్‌ఈడీ పట్టీకి వెలుగు అంత వేగంగా పడిపోదు, కానీ అద్దాలు దాటి గదిలోకి కారిపోతుంది. మరీ దించితే మొక్కల మీద పచ్చ నాచు పడుతుంది. రోజుకి ఏడెనిమిది గంటలు చాలు. ఇప్పుడు ఫ్యాను గాలికి నీటి మీద లేచే ముడతలు వెలుగుని సన్నటి గీతలుగా విరిచి ఇసక మీద పరిగెత్తిస్తున్నాయి. ఆ గీతల్లోంచి డానియోల గుంపు ఒక్కసారిగా తిరిగితే, ఒంటి మీది నీలం చారలన్నీ కలిసి మెరుస్తాయి. ఈ చేప మన తూర్పు భారతపు వాగుల్లోదే. 1822లో హామిల్టన్ అనే ఆయన గంగా నది చేపల పుస్తకంలో దీనికి పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతటా ఎన్నో ప్రయోగశాలలు దీన్ని పెంచుతున్నాయి. తన వాగులో దీని నెత్తిన ఎప్పుడూ ఆకాశమే ఉంటుంది.

బాబాయ్ పనయ్యాక టీ తాగుతూ చాంపా దగ్గర హస్‌దేవ్ నది వంతెన సంగతి ఎత్తాడు. వంతెన పని అంటే అంతా వేలాడదీసే పనేనంటాడు. గర్డరు వేలాడాలి, మనిషి వేలాడాలి, పనిముట్టు మనిషి నడుముకి వేలాడాలి, ఏదీ చేతిలో ఉండకూడదు. చేతిలో ఉన్నది నీళ్ళలో పడుతుంది. ఆయన సుత్తికి ఇప్పటికీ పిడి చివర తాడు కన్నం ఉంది. రాత్రి లైను ఆపి పనిచేసే బ్లాకుల్లో దీపాలు కట్టడం కొత్త కుర్రాళ్ళకి ఇచ్చే మొదటి పని అట. దీపం కట్టిన ముడి చూసి, మేస్త్రీ ఆ కుర్రాణ్ణి గర్డరు మీదికి పంపాలా వద్దా తేల్చుకునేవాడట. ముడి కట్టడం వచ్చినవాడికి భయం ఎక్కడ పడాలో తెలుస్తుందని ఆయన మాట.

మేము మాట్లాడుకుంటుండగానే ఎదురింటామె వచ్చి లైటు చూసి, కొక్కేలు చూసింది. ఆమె కోడలు ప్రసవానికి వచ్చి ఉంది. "బాబాయ్, మా ఇంట్లో ఊయలకి ఇలాంటిదొకటి వేస్తావా?" అని అడిగింది.

బాబాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "లైటుకి ఏసినట్టు పిల్లకి ఎయ్యనమ్మా. ఊగే బరువు ఏరు, ఉన్న బరువు ఏరు. కింద నుంచి గుచ్చిన ఫాస్ట్‌నరుని పిల్లకి నమ్మకూడదు. డాబా మీద నుంచి స్లాబు దాటి కిందకి బోల్టు దించాల, పైన ఇనప ప్లేటు ఎయ్యాల. అప్పుడు స్లాబు మొత్తం పిల్లని మోస్తాది. వానలు రాకముందే సెయ్యాల, లేదంటే ఆ కన్నంలోంచి నీరు దిగుతాది." తర్వాత నా వైపు తిరిగి, "పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు, ఆరంగుళాల ప్లేటు రాసుకో. రేపు బజారుకి నువ్వే ఎల్లాల," అన్నాడు.